అన్నయ్యనీ వదిననీ పబ్‌కి తీసుకెళ్ళే ముందు

చిరంజీవి చిన్నాకి బాబాయి ఆశీస్సులు.

నీ మెసేజ్ అందింది. అమ్మా నాన్నా బ్రిస్టల్ వచ్చి పది రోజులైంది, గుడీ మ్యూజియమూ టెస్కో సూపర్‌మార్కెట్టూ తప్ప ఏమీ చూపించలేదు, ఈ ఆదివారం ఏదైనా పాతకాలపు పల్లెటూరి పబ్‌లో భోంచేయిద్దామనుకుంటున్నా, ఎక్కడికెళ్ళను, అమ్మకేం పెట్టించను అని అడిగావు. రెండు ముక్కల్లో చెప్పమన్నావు. 1976లో వచ్చి ఇక్కడే ముసలాణ్ణయిపోయినవాణ్ణి, రెండు ముక్కలతో ఎలా వదుల్తాను?

మొదట ఆదివారం మానెయ్. ఆ రోజు మధ్యాహ్నం ఊరు ఊరంతా రోస్ట్, అంటే కాల్చిన మాంసం, తినడానికి దిగుతుంది. ముందే బుక్ చేసుకోకపోతే బల్ల దొరకదు, దొరికినా మెనూ అంతా మాంసమే. శనివారం కూడా వద్దు. ఎందుకో తర్వాత చెప్తాను. శుక్రవారం సెలవు పెట్టు. వదిన పూజ పదింటికల్లా అయిపోతుంది, పన్నెండున్నరకి అక్కడుండొచ్చు. రెండు, రెండున్నర దాటితే చాలాచోట్ల వంట ఆపేస్తారు. నేనొచ్చిన కొత్తల్లో పబ్బే మూసేసేవాళ్ళు. మొదటి ప్రపంచ యుద్ధమప్పుడు ఆయుధాల ఫ్యాక్టరీ పనివాళ్ళు తాగి పడిపోకుండా పెట్టిన మధ్యాహ్నపు విరామం, 1988 దాకా సాగింది. ఇప్పుడు తలుపులు రోజంతా తెరిచే ఉంటాయిగానీ పొయ్యికి మాత్రం ఆ పాత అలవాటు పోలేదు.

ఊరి సంగతికొస్తే, బాత్ దాటి దక్షిణంగా ఓ ఏడు మైళ్ళు వెళ్తే నార్టన్ సెయింట్ ఫిలిప్. అక్కడి జార్జ్ ఇన్‌కి తీసుకెళ్ళు. పబ్బులు బోలెడున్నాయి, కానీ చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన అన్నయ్యకి ఇదే సరైంది. కింద అంతా రాయి. పైన కర్ర చట్రంతో కట్టిన భాగం వీధిలోకి కాస్త తొంగిచూస్తున్నట్టు ముందుకొచ్చి ఉంటుంది. పక్కనే ఉన్న హింటన్‌లో 1232లో వెలసిన క్రైస్తవ మఠం సన్యాసులు కట్టించిందిది. వాళ్ళకి ఉన్ని వ్యాపారం. సంతకొచ్చే షావుకార్లకి బస కావాలి, ఉన్ని బేళ్ళకి గోదాం కావాలి. రెండూ ఒకే కప్పు కింద పెట్టేశారు. మన గుంటూరు మిర్చి యార్డుకి సత్రాన్ని కలిపి కట్టారనుకో.

శామ్యూల్ పెపిస్ అని లండన్ ఉద్యోగి ఒకాయన, డైరీ రాసి పేరు తెచ్చుకున్నవాడు, 1668 జూన్ 12న ఇంటివాళ్ళతో ఈ ఊళ్ళో ఆగాడు. భోజనం బాగుందనీ, పది షిల్లింగులైందనీ రాసుకున్నాడు. బిల్లు రాసుకునే మనిషంటే అన్నయ్యకి వెంటనే అభిమానం పుడుతుంది చూడు. 1685లో తన బాబాయి, రాజు రెండో జేమ్స్ మీద తిరగబడ్డ మన్‌మత్ డ్యూక్ జూన్ చివర్లో సైన్యంతో ఇక్కడే విడిది చేశాడు, ఊరి అంచున రాజు సేనతో తలపడ్డాడు. జూలై 6న సెడ్జ్‌మూర్‌లో ఓడిపోయాడు, ఆ నెలలోనే తల పోయింది. ఇక్కడ కిటికీ దగ్గర నిలబడి ఉండగా ఎవరో ఆయన మీద తుపాకీ పేల్చారని కూడా చెబుతారు. అది కథే అనుకో. అలాగే 1397 నుంచి లైసెన్సుందని కూడా అంటారు. నాటింగ్‌హామ్‌లో ఒక పబ్ గోడ మీదైతే 1189 అని రాసే ఉంటుంది. ఈ దేశంలో 'మాదే అన్నిటికంటే పాతది' అనే పబ్బులు జిల్లాకొకటి. అన్నయ్య ఆధారాలు అడుగుతాడు. కౌంటర్ దగ్గర మాత్రం అడగనివ్వకు.

ఇక లోపలికెళ్ళాక. ఇది హోటల్ కాదు, కూర్చుంటే ఎవరూ రారు. ఖాళీ బల్ల చూసుకుని అమ్మానాన్నల్ని కూర్చోబెట్టి, బల్ల నంబరు గుర్తుపెట్టుకుని నువ్వే కౌంటర్‌కి వెళ్ళు. భోజనాల గది వేరుగా ఉంటే వాళ్ళే చూపిస్తారు, అది వేరే సంగతి. కౌంటర్ దగ్గర వరుస ఉన్నట్టు కనపడదు, కానీ ఉంటుంది. ఎవరు ముందొచ్చారో నిలబడ్డ ప్రతి ఒక్కరికీ తెలుసు. నీకంటే ముందొచ్చినాయన్ని వదిలేసి నిన్నడిగితే, 'ముందు వారు' అని ఆయన వైపు చూపించు. ఆ ఒక్కదానితో ఆ గదిలో నీకు సగం మర్యాద వచ్చేస్తుంది. చిటికెలు వేయడం, నోట్లు ఊపడం పొరపాటున కూడా చేయకు.

ఈ మర్యాదల్లో నాకు గుణపాఠమైంది మాత్రం రౌండ్. మొదటి ఉద్యోగంలో శుక్రవారం డ్యూటీ అయ్యాక వార్డు డాక్టర్లందరూ ఎదురుగా ఉన్న పబ్‌కి పోయేవాళ్ళు. ఒకరు అందరికీ కొనాలి, తర్వాత ఇంకొకరు. నేను తాగేవాణ్ణి కాదు, ఆరెంజ్ జ్యూస్ తాగి, 'నాది జ్యూసే కదా, వీళ్ళ బీర్లకి నేనెందుకు పెట్టాలి' అనుకుని నా వంతు రాకముందే కోటు తగిలించుకుని జారుకునేవాణ్ణి. ఎంతో తెలివైన పని చేస్తున్నాననుకున్నా. మూడు నెలల తర్వాత ఒక పెద్ద నర్సు పక్కకి పిలిచి, "డాక్టర్, నీ గ్లాసులో ఏముందో ఎవరూ చూడరు. నువ్వు ఎప్పుడు లేస్తావో మాత్రం అందరూ చూస్తారు" అంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మరుసటి శుక్రవారం నేనే ముందు లేచి ఏడుగురికి కొన్నాను. వారం జీతంలో ఎంత పోయిందో ఇప్పటికీ గుర్తుంది, చెప్పను. మీరంతా ఇంటివాళ్ళే కాబట్టి నీకు ఆ బాధ లేదు. కానీ ఊళ్ళో ముసలాయనెవరైనా అన్నయ్యతో కబుర్లలో పడి గ్లాసు కొనిచ్చాడంటే, ఆయన గ్లాసు అడుగంటేలోపు నువ్వు లేవాలి.

ఇక ఏల్, అంటే ఇక్కడి పాతకాలపు బీరు సంగతి. అన్నయ్యకి తెలిసిన బీరు ఫ్రిజ్‌లోంచి తీసిన, పళ్ళు జివ్వుమనే బీరు. ఇక్కడి పీపా ఏల్ పదకొండు, పన్నెండు డిగ్రీల నేలమాళిగ చలువలో ఉంటుంది, నురగ తక్కువ. మొదటి గుక్కకే 'ఇదేంట్రా, వెచ్చగా చప్పగా ఉంది' అంటాడు. అప్పుడు తాటికల్లు గుర్తుచెయ్. లొట్టిలో కల్లు పొద్దున ఒక రుచి, మధ్యాహ్నానికి ఒక రుచి. ఇది కూడా అంతే, పీపాలో ఇంకా పులుస్తూనే ఉంటుంది. గ్యాస్ కొట్టరు, చేతిపంపుతో లాగి పోస్తారు. పీపా తెరిచాక మూడు రోజుల్లో అమ్ముడుపోవాలి, లేకపోతే పులిసిపోతుంది. పుల్లటి వాసనొస్తే మెల్లగా చెప్పు, మారుస్తారు. పంపు మీది బిళ్ళ వెనక్కి తిప్పి ఉంటే ఆ పీపా అయిపోయినట్టు. ఏది కావాలో తేలకపోతే రుచి చూడనిమ్మను, చిన్న గ్లాసులో ఓ గుక్క ఊరికే పోస్తారు. పైంట్ అంటే 568 మిల్లీలీటర్లు, అన్నయ్య వయసుకి సగం చాలు. ఆల్కహాల్ నాలుగు శాతం లోపు ఉండే బిట్టర్ అనే రకం ఏల్ ఇప్పించు. ఇండియా పేల్ ఏల్ పేరు చూసి మనదే అనుకుంటాడేమో! మనకి పాలకులుగా వచ్చినవాళ్ళ కోసం ఓడల్లో పంపింది అది. ఆ కథ వాడుకో, గ్లాసు తర్వాత.

శనివారం ఎందుకొద్దన్నానంటే, ఏల్ తేరుకోవడానికి చాలా పీపాల్లో చేప తిత్తి నుంచి తీసిన పదార్థం కలుపుతారు. అన్నయ్య శనివారం నీచు ముట్టడు. చెప్పకుండా పోయిస్తే పాపం నీది, చెప్పి పోయిస్తే గొడవ నాది.

వదినకి 'వెజిటేరియన్' అన్న మాట ఒక్కటే సరిపోదు. చిప్స్ ఏ నూనెలో వేస్తారో అడుగు. కొన్నిచోట్ల గొడ్డు కొవ్వు, చాలాచోట్ల చేప వేయించిన నూనె. రోస్ట్‌తో వచ్చే యార్క్‌షైర్ పుడ్డింగ్ తీపి కాదు, అదీ తరచూ ఆ కొవ్వులోనే కాలుస్తారు, పైగా గుడ్డు. పిండి పొరలో కూరి కాల్చే 'పై' అన్నా, పైన పోసే గ్రేవీ అన్నా లోపల ఏముందో అడక్కుండా ముట్టొద్దు. బ్రెడ్డు, చెడ్డార్ చీజ్, ఊరగాయ కలిపి ప్లౌమన్స్ లంచ్ అని ఇస్తారు. నాగలి పట్టినవాడి అన్నమని పేరేగానీ దాన్ని ఊరూరా అలవాటు చేసింది రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి చీజ్ వ్యాపారుల ప్రచారమే. పంది మాంసం ముక్క పక్కన పెట్టకుండా ఇవ్వమని చెప్పు. చివర్లో తీపికి ఆపిల్ క్రంబుల్. దాని మీద పోసే కస్టర్డ్, పొడితో చేసిందైతే గుడ్డుండదు. తాగడానికి సోడాలో లైమ్, వదినకి నచ్చుతుంది.

బాత్ నుంచి ఫ్రోమ్ వెళ్ళే బస్సు ఆ ఊరి మీదుగానే పోతుంది. టైములు ముందే చూసుకుంటే నువ్వూ ఓ గ్లాసు తాగొచ్చు. కారు తీస్తే మాత్రం నువ్వు లైమే. తిన్నాక వెనకవైపు పచ్చిక దాటి చర్చి దాకా నడిపించు, పెపిస్ కూడా ఆ చర్చి చూసే వెళ్ళాడు. రాతి గోడల గదులు వేసవిలోనూ చల్లగా ఉంటాయి, వదిన శాలువా మర్చిపోకు. ఫొటోలు పంపు, అన్నయ్య మొదటి గుక్క మొహం తప్పకుండా.

నీ బాబాయి