మెటాలికా, మెగాడెత్ బ్యాండ్ల మధ్య తేడా ఏమిటి? ముందు ఏది వినాలి?

రెండూ అమెరికా త్రాష్ మెటల్ (చాలా వేగంగా, గట్టిగా సాగే రాక్ సంగీతం) బ్యాండ్లే, రెండింటి మూలమూ ఒక్కటే. మెటాలికాలో గిటార్ వాయించిన డేవ్ మస్టేన్‌ను 1983 ఏప్రిల్‌లో, తొలి ఆల్బమ్ రికార్డింగ్‌కు ముందు, తాగుడు, గొడవల వల్ల తీసేసి న్యూయార్క్ నుంచి లాస్ ఏంజిలిస్‌ బస్సెక్కించారు. ఆ కసితోనే ఆయన అదే ఏడాది మెగాడెత్ పెట్టాడు.

తేడా చెవికి తెలియాలంటే మెటాలికా 'ద ఫోర్ హార్స్‌మెన్', మెగాడెత్ 'మెకానిక్స్' ఒకదాని వెంట ఒకటి వినండి. రెండూ మస్టేన్ తెచ్చిన ఒకే పాట నుంచి పుట్టాయి. మెటాలికా మధ్యలో నెమ్మదైన భాగం చేర్చి దాన్ని ఏడు నిమిషాలు దాటించింది. మెగాడెత్ అయిదు నిమిషాల్లోపే, ఊపిరాడనివ్వకుండా ముగించేస్తుంది. ఇద్దరి స్వభావమూ అక్కడే దొరికిపోతుంది.

మెటాలికా గాయకుడు, గిటారిస్టు జేమ్స్ హెట్‌ఫీల్డ్ బలమంతా కుడిచేతిలో ఉంది. 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' పాట రిఫ్‌లో (పదేపదే వచ్చే గిటార్ వరుసలో) అంత వేగంలోనూ తీగలు మీటే పిక్ దెబ్బలు కిందికే పడతాయి, అందుకే ఆ బరువు. మస్టేన్ రిఫ్‌లు మెలికలు తిరుగుతూ పోతాయి. మెగాడెత్ పాట 'హ్యాంగర్ 18' రెండో సగంలో ఆయన, తోటి గిటారిస్టు మార్టీ ఫ్రీడ్‌మన్ సోలోలు ఒకరి నుంచి ఒకరు అందుకుంటుంటే వేరే పని చేయబుద్ధి కాదు.

అమ్మకాల్లో మెటాలికాకు పోటీ లేదు. 1991 నాటి బ్లాక్ ఆల్బమ్ మెటల్ విననివాళ్లకూ చేరింది. పాట మనసులో నిలవడంలోనూ వాళ్లదే పైచేయి. గిటార్ పనితనం అడిగితే మాత్రం నా ఓటు మెగాడెత్ 1990 నాటి ఆల్బమ్ 'రస్ట్ ఇన్ పీస్'కే. కొత్తగా వినేవాళ్లు మెటాలికా 1986 నాటి ఆల్బమ్ 'మాస్టర్ ఆఫ్ పపెట్స్'తో మొదలుపెట్టి, ఆ వెంటనే 'రస్ట్ ఇన్ పీస్' వినండి.