నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నాకి తేవాలని చూడకండి

రీఫ్ ట్యాంక్‌లో (పగడాలు పెంచే ఉప్పునీళ్ల అక్వేరియం) నైట్రేట్ 10, ఫాస్ఫేట్ 0.08 పీపీఎం చూపిస్తున్నాయి, రెండూ సున్నాకి తేవడం ఎలా అని అడిగారు. తేవొద్దండి. నా ట్యాంక్‌లో ఆ అంకెలుంటే నేను దేన్నీ కదపను. పగడాలకి, వాటి ఒంట్లో బతికే సూక్ష్మ నాచుకి నైట్రేట్‌లోని నత్రజని, ఫాస్ఫేట్‌లోని భాస్వరం తిండే. సముద్రంలో అవి దాదాపు సున్నాయే కదా అంటారు కొందరు. అక్కడ కెరటాలు రాత్రింబవళ్లు ప్లవకాలు, అంటే నీళ్లలో తేలే సూక్ష్మజీవులు, మోసుకొస్తాయి. మన మూడడుగుల గాజు పెట్టెలోకి ఎవరు తెస్తారు?

కూకట్‌పల్లిలో మా బావమరిది ట్యాంక్ సంగతి చెప్తాను. షాపువాళ్లు ఫాస్ఫేట్ రిమూవర్ అంటగట్టారు, పైగా కార్బన్ డోసింగ్ (బ్యాక్టీరియా పెరిగి నైట్రేట్, ఫాస్ఫేట్ తినేసేలా వెనిగర్ లాంటివి వేయడం) కూడా చేయించారు. టెస్ట్ కిట్‌లో రెండూ సున్నా. కొన్నాళ్లకి "బావా, నీళ్లు ఇంత తేటగా ఉన్నాయి, ఇసుక మీద ఈ జిగురేంటి?" అని ఫోన్. వెళ్లి చూస్తే గోధుమరంగు చీమిడిలా ఇసుకకీ రాళ్లకీ పట్టేసి ఉంది. తీగలు తీగలుగా సాగుతోంది, ప్రతి తీగ కొసనా ఒక గాలి బుడగ. లైట్లు ఆరితే తగ్గుతుంది, వెలిగాక మధ్యాహ్నానికల్లా మళ్లీ తయారు. నత్తలు వెల్లకిలా పడి ఉన్నాయి. ఆ జిగురు డైనోఫ్లాజెలేట్లనే ఏకకణ జీవులది, వాటిలో కొన్ని రకాలు విషం కూడా వదులుతాయి. మామూలు నాచుని ఆకలితో చంపేస్తే వీటికి ఇక పోటీ ఉండదు.

రిమూవర్ తీయించేశాను. డోసింగ్ ఆపించాను. చేపలకి మేత పెంచి, సోడియం నైట్రేట్ కొంచెం కొంచెంగా వేయించాను, నీళ్లలో తేలే వాటిని చంపే యూవీ లైటు పెట్టించాను. గాజుకి పచ్చగా పాకుడు పట్టడం మొదలైన రోజు మా ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాతే జిగురు వెనక్కి తగ్గింది.

నన్నడిగితే హైదరాబాద్‌లో ట్యాంకులు పాడయ్యేది నైట్రేట్ వల్ల కన్నా నీళ్ల వల్లే ఎక్కువ. బోరు, ట్యాంకర్ నీళ్లలో ఏముందో ఎవరికి తెలుసు? "మా వంటింట్లో ఆర్‌వో ఉంది, చాలు" అంటారు. చాలదు. రుచి కోసం కొన్ని మెషీన్లు మామూలు నీళ్లనే మళ్లీ కాస్త కలుపుతాయి. ఆర్‌వో తర్వాత, మిగిలిన లవణాల్ని కూడా పట్టేసే డీఐ రెసిన్ ఉండాల్సిందే. సున్నా చూపించాల్సింది ఆ నీళ్లలో పెట్టిన టీడీఎస్ మీటరే (నీళ్లలో కరిగిన లవణాల్ని కొలిచేది). ఉప్పు కలపడానికైనా, ఆవిరైనది నింపడానికైనా అవే వాడండి. ఎండాకాలంలో ఫ్యాన్ పెడితే నీళ్లు తొందరగా దిగిపోతాయి, కానీ ఉప్పు ఎక్కడికీ పోదు. అందుకే ఉప్పునీళ్లతో నింపకూడదు.

వారానికి పది శాతం నీళ్లు మార్చండి, ఆల్కలినిటీ (పగడాలు అస్థిపంజరం కట్టుకోడానికి వాడే కార్బొనేట్ల కొలత) 8–9 డీకేహెచ్ దగ్గర కదలకుండా చూసుకోండి, మురికిని నురగలా తీసే స్కిమ్మర్ కప్పు కడుగుతూ ఉండండి. ఫాస్ఫేట్ 0.2 దాటి ప్రతి వారం పెరుగుతూనే ఉంటే అప్పుడు రిమూవర్ గురించి ఆలోచిద్దాం, అదీ సగం మోతాదుతో.