ఎయిర్ ఫిల్టర్ డబ్బాకు కన్నాలు పెడితే బండి లాగుతుందా?

ప్రశ్న: మాస్టారూ, మాది గజపతినగరం. పికప్ బండిలో కిరాణా సరుకు, కూరగాయలు వేసుకుని సాలూరు మీదుగా కోరాపుట్ వెళ్తుంటాను. ఘాట్ ఎక్కేటప్పుడు బండి అస్సలు లాగట్లేదు, సెకండ్ గేరు దాటితే చచ్చిపోతోంది. కంపెనీ ఎయిర్ ఫిల్టర్ డబ్బా గాలిని బిగబడుతోందట, దానికి నాలుగు పెద్ద కన్నాలు పెడితే సరిపోతుందని ఒక మెకానిక్ అంటున్నాడు. డబ్బానే పీకేసి కోన్ ఫిల్టర్ (డబ్బా లేకుండా విడిగా బిగించే శంకువు ఆకారపు ఫిల్టర్) పెట్టమని ఇంకొకాయన. ఏది చెయ్యమంటారు?

జవాబు: ప్రస్తుతానికి రెండూ వద్దండి. డ్రిల్లు మిషన్ పట్టుకునే ముందు ఒక్క కొలత తీయించండి, పెద్ద ఖర్చేమీ కాదు. తాపీ మేస్త్రీలు లెవల్ చూసుకునే ట్రాన్స్‌పరెంట్ పైపు ఉంటుంది కదా, అది మూడు మీటర్లు తీసుకుని, యూ ఆకారంలో ఒక చెక్కకు కట్టి, సగం దాకా రంగు నీళ్లు పోయండి. ఒక కొసను ఫిల్టర్ దాటాక టర్బోకి (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే పంకాకి) వెళ్లే గొట్టం మీది నిపుల్‌కి తగిలించాలి (నిపుల్ లేకపోతే మెకానిక్ చేత చిన్నది పెట్టించి, పని అయ్యాక గట్టిగా మూయించండి), రెండో కొస గాలికి వదిలేయాలి. పైపు పొట్టిగా ఉంటే నీళ్లు ఇంజిన్‌లోకి పోతాయి, అందుకే అంత పొడవు. ఇక మామూలు లోడుతో ఘాట్ ఎక్కండి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు రెండు వైపుల నీళ్లకీ ఎంత తేడా వస్తోందో పక్కన కూర్చున్న మనిషి చూడాలి, డ్రైవింగ్ చేసేవాళ్లు కాదు.

తేడా 20 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి. మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి దాదాపు 10 మీటర్ల నీటికి సమానం, అంటే మీ డబ్బా, ఫిల్టర్, గొట్టం అన్నీ కలిసి అడ్డుకుంటున్నది 2 శాతమే. డబ్బా మొత్తం తీసేసినా దొరికేది అంతే! అదే 60 దాకా పోయిందంటే మాత్రం అనుమానించాల్సిందే, కానీ అప్పుడు కూడా ముందు ఫిల్టర్ మార్చి మళ్లీ కొలవండి, చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

కన్నాలతో అసలు నష్టం ఏంటంటే, కంపెనీ డబ్బా మూతి బయటి గాలి అందేచోట పెడతారు, మీరు కన్నం పెట్టగానే అది బానెట్ లోపలి వేడిగాలి పీలుస్తుంది. గాలి 3 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 1 శాతం పలచబడుతుంది. బయట 35 ఉండి లోపల 65 ఉంటే పదో వంతు దగ్గర పోయినట్టే, ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) ఉంటే కొంత పూడుస్తుందనుకోండి, అయినా 2 శాతం కోసం చేసే పని కాదిది. బానెట్ కింద వదిలేసిన కోన్ ఫిల్టర్‌దీ ఇదే కథ, పైగా శబ్దం పెరగడంతో బండి బాగా లాగుతున్నట్టు అనిపిస్తుంది. మెష్ సన్నగా లేని రకమైతే దుమ్ము కూడా లోపలికి పోతుంది. ఇంకోటి, కోరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ గాలే ఓ 8 శాతం పలచన, కాబట్టి కింద లాగినట్టు పైన లాగకపోవడంలో కొంత ఆ ఎత్తుది.

మార్చాలని మీకు గట్టిగా ఉంటే ఒక్కచోటే చెయ్యండి: డబ్బాలోకి గాలి వచ్చే మూతి దగ్గర, అంటే ఫిల్టర్‌కి ముందు వైపు. అక్కడి నుంచి గ్రిల్ వెనక దాకా వేడిని తట్టుకునే వెడల్పు గొట్టం వేయించి, కీళ్ల దగ్గర గాలి కారకుండా బిగించండి. గొట్టం మూతి మాత్రం కిందికి దించొద్దు, వానాకాలం రోడ్డు మీద నిలిచిన నీళ్లు పీల్చిందంటే ఇంజిన్ లోపల పిస్టన్లను పట్టి ఉండే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. ఫిల్టర్ తర్వాతి వైపు మాత్రం, కొలత కోసం పెట్టించి మూయించిన ఆ నిపుల్ తప్ప, కన్నం, కోత ఏదీ ఎవరినీ చెయ్యనివ్వకండి.

నన్నడిగితే మీ బండికి రోగం వేరే చోట ఉంది. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి, అక్కడి నుంచి ఇంజిన్‌కి వెళ్లే రబ్బరు గొట్టాలు చూడండి, క్లాంపు దగ్గర నూనె జిడ్డు గానీ, లోడు మీద ఈల లాంటి శబ్దం గానీ ఉంటే గాలి అక్కడే పోతోంది. తర్వాత డీజిల్ ఫిల్టర్, ఈజీఆర్ వాల్వులో (ఇంజిన్ వదిలే పొగలో కొంత తిరిగి లోపలికి పంపేది) మసి, క్లచ్ జారుడు, బ్రేకులు పట్టేసి ఉండటం. నల్ల పొగ వస్తోందో లేదో మీరు రాయలేదు, వస్తే మొదట గాలి గొట్టాలే చూపించండి.

ప్రశ్న: టెక్కలి దగ్గర గ్రానైట్ క్వారీలో టిప్పర్ నడుపుతాను. ఫిల్టర్‌ని రోజూ కంప్రెసర్‌తో కొట్టిస్తున్నాం. మంచిదేనా?

జవాబు: మంచిది కాదు తమ్ముడూ. తీసిన ప్రతిసారీ కొంత దుమ్ము శుభ్రమైన వైపు రాలుతుంది, ఎక్కువ ప్రెషర్‌తో కొడితే కాగితం చిరుగుతుంది. గ్రానైట్ దుమ్ములో ఉండే క్వార్ట్జ్ ఇనుముకంటే గట్టిది, పిస్టన్ రింగుల్నీ టర్బో రెక్కల్నీ అరగదీసేస్తుంది. ఫిల్టర్ మూసుకుపోయిందని చూపే ఇండికేటర్ ఎర్రగా చూపించినప్పుడే తీయండి, కొట్టాల్సి వస్తే తక్కువ ప్రెషర్‌తో, లోపలి నుంచి బయటికి కొట్టండి. పెద్ద ఫిల్టర్ లోపల ఉండే చిన్న ఫిల్టర్‌ని మాత్రం కొట్టకూడదు, పాడైతే మార్చేయడమే. రోజూ చెయ్యాల్సింది ఇంకోటి ఉంది, డబ్బా అడుగున ఉండే రబ్బరు వాల్వును నొక్కి పోగుపడిన దుమ్ము రాల్చాలి, అది చిరిగితే వెంటనే కొత్తది వేయించాలి. ఫిల్టర్ దాటాక ఉన్న గొట్టం లోపల తెల్లగుడ్డతో ఒకసారి తుడిచి చూడండి. దుమ్ము అంటిందంటే సీలు లీకవుతోంది, ఆ బండిని ఆ రోజు క్వారీలోకి పంపకండి.