వీర్యకణాలను మిషన్ లెక్కపెడుతుంటే ఆండ్రాలజీలో మనిషికి పని ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి మైక్రోబయాలజీ డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంది. పురుషుల సంతాన సామర్థ్యాన్ని పరీక్షించే ఆండ్రాలజీ ల్యాబ్‌లో పని నేర్చుకుంటానంటోంది. ఆ పరీక్షలన్నీ కంప్యూటర్లే చేసేస్తున్నాయని విన్నాను. వీర్య పరీక్షల పని అంటే నాకు కాస్త ఇబ్బందిగా కూడా ఉంది. ఒప్పుకోమంటారా? – ఒక తల్లి

జవాబు: ఒప్పుకోండమ్మా. ముందు ఇబ్బంది సంగతి. ల్యాబ్‌లో ఆమె చేతికి వచ్చేది మూత పెట్టిన డబ్బా, దాని మీద ఒక నంబరు, అంతే. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కూడా కారణం ఉంటుంది. అయినా ఏళ్ల తరబడి భార్యనే పరీక్షల చుట్టూ తిప్పే ఇళ్లు ఎన్నో. మొదట్లోనే ఒక సరైన రిపోర్టు చేతికొస్తే ఆమెకు ఆ బాధ తప్పుతుంది. అలాంటి రిపోర్టు ఇచ్చే పనికి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఇక మిషన్లు. కాసా అనే పరికరం మైక్రోస్కోప్ కింద వీర్యకణాల కదలికను వీడియో తీసి, ఎన్ని ఉన్నాయో, ఎంత వేగంగా కదులుతున్నాయో లెక్కకడుతుంది. ఫోన్‌తో ఇంట్లోనే చూసుకునే కిట్లూ వచ్చాయి. కానీ కణాలు మరీ తక్కువగా ఉన్న శాంపిల్‌లో కాసా తడబడుతుంది. కణం తలంత సైజులో ఉన్న చెత్తను కూడా కణమనే లెక్కేస్తుంది. అది పట్టుకోవాలంటే చేత్తో లెక్కపెట్టడం వచ్చి ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాన్యువల్ ఆరో ఎడిషన్ 2021లో వచ్చింది. దాని ప్రకారం శాంపిల్‌ను రెండుసార్లు విడివిడిగా పలుచన చేసి, ఒక్కోదానిలో కనీసం 200 కణాలు లెక్కపెట్టాలి. రెండు లెక్కల మధ్య తేడా హద్దు దాటితే రెండూ పక్కన పెట్టి మళ్లీ మొదటికి రావాలి. శాంపిల్ ఇచ్చిన గంటలోపే కదలిక చూసేయాలి. ఓపిక లేనివాళ్లకు ఈ ఫీల్డ్ వద్దని నేను సూటిగానే చెబుతాను.

అదే మాన్యువల్‌లో మిల్లీలీటరుకు కోటీ అరవై లక్షల కణాలు, 42 శాతం కదలిక అనే అంకెలుంటాయి. అవి పాస్ మార్కులు కావు. ఏడాదిలోపు భార్య గర్భం దాల్చిన మగవాళ్లలో కూడా 5 శాతం మంది అంతకంటే తక్కువలోనే ఉన్నారు. ఈ తేడా తెలిసి రిపోర్టు రాసేవాళ్లు కావాలి.

మీ అమ్మాయికి అసలు కలిసొచ్చేది కొత్త పరీక్షల్లో. కౌంట్ బాగానే ఉన్నా వీర్యకణం లోపలి డీఎన్ఏ తెగి ఉండొచ్చు. దాన్ని చూడటానికి కామెట్, టునెల్ లాంటి పద్ధతులున్నాయి. వీర్యంలో కణాలే కనిపించనివారికి వై క్రోమోజోమ్‌లో ముక్కలు లోపించాయేమో పీసీఆర్‌తో, అంటే డీఎన్ఏ ముక్కకు ఎన్నో నకళ్లు తీసి చూసే పద్ధతితో, చూస్తారు. ఏజెడ్ఎఫ్ఏ అనే భాగం పూర్తిగా లేదని తేలితే, వృషణం నుంచి ఆపరేషన్ చేసి వెతికినా కణాలు దొరికే ఆశ దాదాపు ఉండదు. అంటే ఆ ఒక్క రిపోర్టు ఒక మనిషికి అనవసరమైన కోతను తప్పిస్తుంది. మైక్రోబయాలజీలో పీసీఆర్ చేతికి అలవాటైన అమ్మాయికి ఇది కొత్త చదువేమీ కాదు.

తర్వాత క్లినికల్ ఎంబ్రియాలజీలో, అంటే ల్యాబ్‌లో అండాన్నీ వీర్యకణాన్నీ కలిపి పిండాన్ని పెంచే విద్యలో, పీజీ చేస్తే దారి ఇంకా విశాలమవుతుంది. ఒక్క వీర్యకణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించే ఇక్సీ పద్ధతితో తొలి గర్భధారణల గురించి 1992లో ప్రకటించారు. అప్పటినుంచి ఆండ్రాలజీ, ఎంబ్రియాలజీ ల్యాబ్‌లు పక్కపక్కనే నడుస్తున్నాయి.

చేరే ముందు ఆమెను ఒక్కసారి ల్యాబ్‌కి వెళ్లి రెండు విషయాలు అడగమనండి: ఒక్కో శాంపిల్‌కి ఎన్ని కణాలు లెక్కపెడతారు, బయటి ల్యాబ్‌లతో ఫలితాలు పోల్చి చూసుకునే క్వాలిటీ కంట్రోల్ ఉందా. తడుముకోకుండా జవాబు చెప్పే చోటే చేర్పించండి.