యాక్సిల్ పాడకూడదు

అమ్మాయికి ఆశీస్సులు.

తాతయ్య పాత కారు వెనక యాక్సిల్, అంటే చక్రాల ఇరుసు, విప్పి బిగించిన సంగతి రాసి నువ్వు పంపిన 'తాతయ్య కారు' చదివాను. భాష బాగుంది. ఇక అసలు సంగతి.

పదకొండో పేజీలో ఒక వాక్యం రాశావు. "యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే వెనక సీటు కింద సన్నగా ఒక పాట మొదలైంది, తాతయ్య కూనిరాగం తీస్తున్నట్టు." రాసి మురిసిపోయే ఉంటావు. చదివినవాళ్లు మెచ్చుకునే ఉంటారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. అది పాట కాదమ్మా, ఇంజిన్ బలాన్ని వెనక చక్రాలకి పంచే డిఫరెన్షియల్ ఏడుపు. క్రౌన్ వీల్ అనే పెద్ద పళ్ల చక్రమూ, దాన్ని తిప్పే పినియన్ అనే చిన్న గేరూ సరిగ్గా కుదిరిన యాక్సిల్ నోరెత్తదు.

కానీ అదే వాక్యంలో 'కాలు తీయగానే' అన్నావు చూడు, ఈ ఉత్తరం రాయించింది ఆ మాటే. కూనిరాగం ఎవరైనా రాస్తారు. కాలు తీయగానే అన్నది చెవి పెట్టి విన్నవాళ్లే రాయగలరు. కాలు నొక్కినప్పుడు బరువు పంటికి ఒక పక్క పడుతుంది, తీసినప్పుడు రెండో పక్క పడుతుంది. మొదటిది డ్రైవ్ వైపు, రెండోది కోస్ట్ వైపు. టైర్ల మోత అయితే కాలు తీసినా వేసినా దాదాపు ఒకేలా ఉంటుంది. తీసినప్పుడు మాత్రమే కూత వస్తోందంటే కోస్ట్ వైపు అచ్చు, అంటే పళ్లు ఒకదాన్నొకటి తాకే చోట పడే మచ్చ, చూడాలి. పినియన్ బేరింగుల ప్రీలోడ్, అంటే వాటికి ముందే ఇచ్చి ఉంచే బిగుతు, చూడాలి. నువ్వేమో తాతయ్యను చూశావు.

దీనికి బీజం తొమ్మిదో పేజీలో పడింది. "బ్యాక్‌లాష్ ఎనిమిది థౌ వచ్చింది. అన్నీ బిగించేశాం." అంతే, రెండు వాక్యాలు. బ్యాక్‌లాష్ అంటే పంటికీ పంటికీ మధ్య ఉండే వదులు, థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. తుప్పు గోకడానికి మూడు పేజీలు, షెడ్డు కిటికీలోంచి పడే ఎండకి ఒక పేజీ, పెకర్ డిఫరెన్షియల్‌కి పేటెంట్ తీసుకున్న కథకి అర పేజీ ఇచ్చిన దానివి, కారు ప్రాణమంతా ఉన్న చోట రెండు వాక్యాలతో దాటేశావు. పెకర్‌ని కొట్టేయి. ఎండను కూడా.

బ్యాక్‌లాష్ అంకె రావడం గొప్ప కాదు. పాత కార్ల యాక్సిళ్లలో చాలావాటికి ఆరు నుంచి పది థౌ రావాలంటారు. ఆ కారు మాన్యువల్ ఏం చెబితే అదే లెక్క అనుకో. కానీ పినియన్ ఎంత తప్పు లోతులో ఉన్నా క్రౌన్ వీల్‌ని కాస్త పక్కకి జరిపి ఆ ఎనిమిది థౌ తెప్పించొచ్చు. డయల్ గేజ్ ముల్లు ముచ్చటగా ఎనిమిది దగ్గర ఆగుతుంది, పళ్లు మాత్రం తప్పుడు చోట రాసుకుంటూనే ఉంటాయి. బ్యాక్‌లాష్ ఒక్కటే చూసి పని అయిందనుకోవడం చెప్పు సైజు చూసి చొక్కా కుట్టడం లాంటిది. తేల్చేది అచ్చు. నలభై పేజీలు రాసినా నేను చెప్పేది ఇదే.

అచ్చు ఎలా ఉంటుందో నువ్వు చూసే ఉంటావు, రాయలేదు. క్రౌన్ వీల్ పళ్లు నాలుగైదింటికి రెండు పక్కలా పసుపు మార్కింగ్ పేస్టు పల్చగా పూస్తాం. క్రౌన్ వీల్ కాస్త బరువు మీద తిరిగేలా కర్రతో అదిమి పట్టుకుని, పినియన్‌ని ముందుకీ వెనక్కీ తిప్పుతాం. పళ్లు తాకిన చోట పేస్టు పక్కకి తప్పుకుని ఇనుము మెరుస్తూ కోలగా ఒక మచ్చ తేలుతుంది, చుట్టూ పేస్టు చిన్న గట్టులా పేరుకుంటుంది. ఆ మచ్చ పంటి తలకీ మొదలుకీ నడుమ ఉండాలి. అంచులు దాటి బయటికి పోకూడదు. మొదలు వైపు దిగిపోయిందా, పినియన్ మరీ లోపలికి వెళ్లింది. తల మీదికి ఎక్కిందా, వెనకే ఉండిపోయింది. క్రౌన్ వీల్ పినియన్‌కి దగ్గరైతే మచ్చ పంటి లోపలి కొసకి జరుగుతుంది, దూరమైతే బయటి కొసకి. ఇదంతా రెండు పక్కలా చూడాలి. డ్రైవ్ వైపు అందంగా వచ్చి కోస్ట్ వైపు చెడిందంటే పని ఇంకా కాలేదనే.

పినియన్ లోతు సరిచేసే షిమ్ము, అంటే పల్చటి ఇనప వాషర్, మార్చిన ప్రతిసారీ బ్యాక్‌లాష్ కూడా మారుతుంది. దాన్ని సరిచేసి మళ్లీ పేస్టు, మళ్లీ అచ్చు. ప్రతిసారీ ప్రెస్సు మీద బేరింగ్ ఊడదీయాలంటే ప్రాణం విసుగెత్తుతుంది. అందుకే తెలిసినవాళ్లు పాత బేరింగ్ లోపలి రంధ్రాన్ని కాస్త అరగదీసి, చేత్తో జారేలా చేసి, సెట్టింగ్ అయ్యేదాకా అదే వాడతారు. చివరికి వేసే కొత్త బేరింగ్ మందంతో సరిపోల్చుకుని మరీ వాడతారు. నువ్వు పాత గేర్లకి కొత్త బేరింగులు వేసి, పాత షిమ్మే తిరిగి పెట్టావు. అది మొదలుపెట్టడానికి మంచి చోటే. ఆగిపోవడానికి కాదు. కొత్త బేరింగ్ మందం ఒకటి రెండు థౌ తేడా ఉన్నా పినియన్ లోతు మారుతుంది. పైగా అరిగిన పళ్లు పాత చోటుకే అలవాటు పడి ఉంటాయి.

ఈ అచ్చు చదవడం నాకు నేర్పింది మా మేస్త్రీ. మచ్చ ఎలా ఉందిరా అనేవాడు. "బాగుంది" అన్నానా, గుడ్డతో పేస్టంతా తుడిచేసి మళ్లీ పూయమనేవాడు. బాగుంది అంటే ఎక్కడుంది, ఎంత పొడవుంది, ఏ కొసకి దగ్గరగా ఉంది, అన్నీ నోటితో చెబితేనే రెంచి చేతికిచ్చేవాడు. చేతులు నొప్పిపుట్టి ఆయన్ని లోపల్లోపల తిట్టుకున్న రోజులున్నాయి. నాకు వాక్యం రాయడం వచ్చింది మాత్రం అక్కడే, ఏ సాహిత్య సభలోనూ కాదు.

తర్వాత పగలు షెడ్డులో పని, రాత్రి పాత జాబ్ కార్డుల వెనక రాత. యాక్సిల్ గురించి రాసిన మొదటి వ్యాసాన్ని ఒక పత్రిక తీసుకుంది. ఎడిటర్ గారు షిమ్ముల పేరా మొత్తం ఎత్తేశారు, సగటు పాఠకుడికి అక్కర్లేదట. ఉంచింది ఏమిటంటే చివర్లో నేను మొహమాటానికి రాసిన సాయంత్రం వర్ణన! పంటి బొమ్మను తలకిందులుగా అచ్చు వేశారు, తలేదో మొదలేదో తెలియకుండా. ఆ బొమ్మ చూసి ఎవరైనా పినియన్ సెట్ చేసి ఉంటే వాళ్ల గేర్లు ఏమయ్యాయో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్. ఇక ఇప్పటి ఫ్యాషన్ వేరే. ప్రతి నట్టుకీ ఒక జ్ఞాపకం అతికించాలి, ప్రతి తుప్పు మరకలో ఒక నాన్న కనబడాలి. లేకపోతే 'ఎమోషన్ లేదు' అని తిప్పి పంపుతారు. క్రష్ స్లీవ్ బిగించేటప్పుడు ఉండే ఎమోషన్ వీళ్లకేం తెలుసు?

నీ ఏడో పేజీ ఫొటోలో క్రష్ స్లీవ్, పినియన్ బేరింగుల నడుమ నలగడానికే పెట్టే ఆ ఇనప గొట్టం, కనిపించింది. రాతలో మాత్రం లేదు. అమ్మాయీ, అంతకన్నా మంచి సీను నీ కథలో ఇంకోటి లేదు! పొడుగాటి పైపు తగిలించి, ఒకరు పినియన్ కొసనుండే ఫ్లాంజ్ పట్టుకుంటే ఒకరు పినియన్ నట్టు మీద బరువంతా వేస్తారు. ఎంత లాగినా ఏమీ జరగదు. పినియన్ ఇంకా వదులుగా ఊగుతూనే ఉంటుంది. ఒక్కసారి స్లీవ్ నలగడం మొదలయ్యాక అణువంత తిప్పినా లెక్క మారిపోతుంది. కొంచెం తిప్పు, ఆపు, అంగుళం-పౌండ్ల రెంచితో పినియన్‌ని మెల్లగా తిప్పి చూడు. కదిలించడానికి పట్టిన బలం కాదు, తిరుగుతున్నప్పుడు ముల్లు ఎక్కడ నిలుస్తుందో అదే ప్రీలోడ్. హద్దు దాటిందా, నట్టు వెనక్కి తిప్పి సర్దుకోవడానికి లేదు. నలిగిన స్లీవ్ మళ్లీ సాగదు. తీసి పారేసి కొత్తది వేయాల్సిందే. నీ చేతులు ఆ క్షణంలో ఎలా ఉన్నాయో నాకు రాయి. తాతయ్య గురించి ఆ పేజీలో ఒక్క మాటా అక్కర్లేదు.

1926లో ప్యాకార్డ్ హైపాయిడ్ గేర్లు తెచ్చిందన్న ముక్క ఉంచు, అది పనికొచ్చేదే. ఎందుకో కూడా చెప్పు. పినియన్ క్రౌన్ వీల్ మధ్య గీతకి కిందకి దిగడంతో ఇంజిన్ తిప్పుడును వెనక యాక్సిల్‌కి చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టూ కారు ఫ్లోరూ కిందకి దిగాయి. దాంతోపాటు పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాకుండా జారడం కూడా ఎక్కువైంది, మామూలు నూనె ఆ ఒత్తిడికి నిలవదు, విపరీతమైన ఒత్తిడికి తట్టుకునే ఈపీ గేర్ ఆయిలే కావాలి. అచ్చు చెడితే ఆ జారుడు అంతా పంటి అంచు మీదే పడుతుంది.

బేరింగ్ క్యాపులకి ఎడమ కుడి గుర్తులు కొట్టడం, క్రౌన్ మీదా పినియన్ మీదా చెక్కిన జత నంబర్లు కలుస్తున్నాయో లేదో చూడడం, ఇవి ఒక్కో వాక్యంతో దాటేయొచ్చు. శీర్షిక గురించీ, ఏ పత్రికకి పంపాలన్న దాని గురించీ తర్వాత మాట్లాడుకుందాం.

ముందు వెనక కవర్ విప్పు. నూనె తీసేసి, పళ్లు తుడిచి, పేస్టు పూసి, కోస్ట్ వైపు ఏం కనిపిస్తుందో రాసి పంపు. ఫొటో వద్దు. బొమ్మ నువ్వే గీయి, పంటి తల ఏదో, మొదలు ఏదో, ఏ కొస ఏదో బొమ్మ మీదే పేర్లు రాయి. అలా రాస్తే ఏ ఎడిటరూ తలకిందులుగా వేయలేడు.