సీజన్ టికెట్ నలుగురం పంచుకోవచ్చా అక్కా?

ప్రశ్న: నమస్తే అక్కా. మాది పర్లాకిమిడి. ఈ సెప్టెంబరులో ఎమ్మెస్ చదవడానికి ఇంగ్లండ్ వచ్చాను. మా సీనియర్ ఒకాయన ఉద్యోగం వచ్చి వేరే ఊరు వెళ్ళిపోతూ తన ఫుట్‌బాల్ సీజన్ టికెట్ నన్ను తీసుకోమంటున్నాడు. రూములో నలుగురం డబ్బులు వేసుకుని వంతులవారీగా వెళ్దామనుకుంటున్నాం. డిసెంబరులో ఇంటికి వెళ్ళినప్పుడు వచ్చే మ్యాచ్‌లు మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో అమ్ముకోవచ్చా? ఎవరూ వెళ్ళకుండా సీటు ఖాళీగా వదిలేస్తే ఏమైనా అంటారా?

జవాబు: తమ్ముడూ, మీ సీనియర్ టికెట్ నువ్వు తీసేసుకోవడం కుదరదు. గ్రూపులో అమ్మడం అసలే వద్దు. వంతులు వేసుకోవడానికి మాత్రం దారి ఉంది, కానీ దాని మీద నేను చెప్పాల్సింది వేరే ఉంది. కాస్త ఓపిగ్గా చదువు.

సీజన్ టికెట్ అంటే పేరు మీద ఉండే రిజర్వేషన్ లాంటిది. మన కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో నాన్న పేరున ఉన్న బెర్తు అన్నయ్యకి మార్చాలంటే బండి బయల్దేరడానికి 24 గంటల ముందే అర్జీ పెట్టాలి. పక్కింటాయనకి మార్చమంటే మార్చరు. ఇక్కడా అంతే. సీటు క్లబ్బుది. ఆగస్టు నుంచి మే దాకా అందులో కూర్చునే హక్కు మాత్రం ఆ పేరున్న మనిషిది. ఆయన వద్దనుకుంటే సీటు వెయిటింగ్ లిస్టులో తర్వాతివాళ్ళకి పోతుంది. పెద్ద క్లబ్బుల లిస్టుల్లో వేలమంది ఏళ్ళ తరబడి కాచుకుని ఉంటారు, వాళ్ళని దాటించి నీకు ఇవ్వరు. కుటుంబంలోవాళ్ళ పేరు మీదికి మార్చే వీలు కొన్ని క్లబ్బుల్లో ఉంది గానీ సీనియర్లూ రూమ్మేట్లూ ఆ లెక్కలోకి రారు.

ఇక వంతుల సంగతి. ఇక్కడి పై మెట్టు పోటీ అయిన ప్రీమియర్ లీగ్‌లో 20 జట్లు, ఒక్కో జట్టుకి 38 మ్యాచ్‌లు, అందులో సొంత మైదానంలో 19. సీజన్ టికెట్ కొంటే మామూలుగా ఆ 19 వస్తాయి, లీగ్‌తో సంబంధం లేని కప్పు పోటీల మ్యాచ్‌లకి చాలాచోట్ల వేరే డబ్బు కట్టాలి. కింది మెట్టులో ఉన్న ఛాంపియన్‌షిప్ జట్టయితే సొంత మైదానంలో ఆడేవి 23. నీ పేరునే టికెట్ ఉంటే, వీటిలో నువ్వు వెళ్ళలేనిదాన్ని క్లబ్బు యాప్‌లోంచే స్నేహితుడికి పంపించుకోవచ్చు. వాడికీ ఆ క్లబ్బులో సొంత ఖాతా ఉండాలి, కొన్నిచోట్ల మెంబర్‌షిప్ కూడా కట్టాలి. ముందుగా నీ స్నేహితుల జాబితాలో వాడి పేరు చేర్చుకుంటే, ఆ ఒక్క మ్యాచ్‌కి టికెట్ వాడి ఫోన్‌లోకి వెళ్తుంది. స్టూడెంట్ ధరకో పిల్లల ధరకో కొన్న టికెట్ మీద పెద్దవాళ్ళు వెళ్తే తేడా డబ్బు కట్టాలి. ఇలా ఎన్నిసార్లు పంపొచ్చో, అసలు మనిషి కనీసం ఎన్నిసార్లు రావాలో క్లబ్బుకో లెక్క. మీ క్లబ్బు నిబంధనలు వాళ్ళ వెబ్‌సైట్‌లోనే ఉంటాయి, ఓ పది నిమిషాలు కూర్చుని చదువుకో. చేయకూడనిదల్లా పాస్‌వర్డ్ చెప్పడం, ఫోన్ చేతికిచ్చి పంపడం. ఇప్పటి పిల్లలు అన్నీ ఫోన్‌లోనే కదా అని ఇలాంటివి తేలిగ్గా తీసుకుంటారు. గేటు దగ్గర ఫోన్ ఆనించగానే ఎవరి ఖాతాలో లోపలికి వచ్చారో క్లబ్బుకి తెలిసిపోతుంది. మధ్యలో పేరు అడిగి గుర్తింపు కార్డు చూపించమంటే నలుగురికీ టెన్షనే.

అమ్మకం గురించి గట్టిగా చెప్తాను, ఎందుకంటే మనవాళ్ళకి దీనిమీద బొత్తిగా భయం లేదు. ఇంగ్లండ్, వేల్స్‌లో 1994 నాటి క్రిమినల్ జస్టిస్ అండ్ పబ్లిక్ ఆర్డర్ చట్టంలో 166వ సెక్షన్ అని ఒకటుంది. క్లబ్బు అనుమతి లేకుండా ఫుట్‌బాల్ మ్యాచ్ టికెట్ అమ్మితే నేరం. లాభం వేసుకుంటేనే నేరం అనుకోకు, కొన్న ధరకే ఇచ్చినా నేరమే. అమ్ముతానని గ్రూపులో పెట్టడం కూడా అందులోకే వస్తుంది. పాటకచేరీ టికెట్లకి ఇంత కఠినం లేదు, ఫుట్‌బాల్‌కే ఎందుకంటే వెనక పెద్ద విషాదం ఉంది. 1989లో షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానంలో తొక్కిడిలో 97 మంది ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత విచారణ జరిపిన న్యాయమూర్తి 1990 నివేదికలో బ్లాక్ టికెట్ల మాట కూడా ఎత్తారు. ఎవరి చేతికి ఏ టికెట్ వెళ్ళిందో తెలియకపోతే రెండు జట్ల అభిమానుల్ని విడివిడిగా కూర్చోబెట్టడం ఎలా కుదురుతుంది? వీసా పొడిగింపు కాగితాల్లో శిక్షలేమైనా పడ్డాయా అని అడిగే గడి ఉంటుందని నీకు తెలుసు. ఇరవై ముప్పై పౌండ్ల కోసం అక్కడ అవునని రాసే పరిస్థితి తెచ్చుకోకు.

నేను ఈ దేశం వచ్చిన కొత్తలో నాకివేవీ చెప్పినవాళ్ళు లేరు. మాది బరంపురం. మావారిది ఆసుపత్రిలో షిఫ్టుల డ్యూటీ, శనాదివారాలు ఇంట్లో ఉంటే పండగే. నాకు ఉద్యోగం దొరికాక మా ఆఫీసులో ఒకావిడ, వాళ్ళ చెల్లెలు వదిలేసిన సీటు ఖాళీగా ఉందని చెప్పి క్లబ్బులో నా పేరు రాయించింది. అప్పటికి మా ఊరి క్లబ్బుకి ఇంత గిరాకీ లేదు, దొరికింది. డబ్బు కట్టేటప్పుడు చెయ్యి వణికింది, ఇంటికి పంపాల్సినదాంట్లోంచి తీశాను మరి. అందుకని ఆ డబ్బు ఎలాగైనా రాబట్టాలనే ధ్యాస పట్టుకుంది. అప్పట్లో ప్లాస్టిక్ కార్డు, ఎవరు చూపిస్తే వాళ్ళు లోపలికి. తెలిసినవాళ్ళందరికీ తలా ఓ మ్యాచ్‌కి కార్డు ఇచ్చేదాన్ని, వాళ్ళ వాటా తీసుకునేదాన్ని. నేను వెళ్ళింది బహు తక్కువ.

ఓసారి మావారి స్నేహితుడి తమ్ముడు వచ్చాడు. ఆ అబ్బాయి అభిమాన జట్టు అవతలిది. వాళ్ళు గోల్ వేయగానే మా స్టాండ్ మధ్యలో లేచి చేతులు పైకెత్తి అరిచాడట. మైదానంలో జనాన్ని అదుపులో పెట్టే స్టీవార్డులు వచ్చి బయటికి తీసుకుపోయారు. ఉత్తరం మాత్రం నా పేరుకి వచ్చింది, ఎందుకంటే కార్డు నాది. కొన్ని మ్యాచ్‌లు నన్ను రానివ్వలేదు, కట్టిన డబ్బు వెనక్కి రాలేదు. ఎవరికి పంపినా సీటుకి జవాబుదారీ నువ్వే అన్నది ఇప్పటికీ చాలా క్లబ్బుల్లో ఉన్న నియమం. మీ నలుగురిలో ఒకడు చేసింది నలుగురికీ చుట్టుకుంటుంది.

కానీ నాకు ఆ ఉత్తరం కంటే ఎక్కువ గుచ్చుకున్నది వేరే. మళ్ళీ రానిచ్చాక వెళ్ళి కూర్చుంటే, పక్క సీటు పెద్దాయన నన్ను చూసి, "ఈ సీటు మనిషి ఇవాళ మీకిచ్చారా?" అని అడిగాడు. ఆ సీటు మనిషిని నేనే! ఆయనకి వరసలో అందరూ తెలుసు, ముందు సీటు కుర్రాడికి ఎప్పుడు పరీక్షలో తెలుసు, వెనకావిడ మోకాలు ఎలా ఉందో తెలుసు. వాళ్ళు పదిహేను రోజులకోసారి అదే చోట కలుసుకుంటున్నారు. ఆ ఏడాది నాకు డబ్బు మిగిలింది నిజమే. ఈ దేశం వచ్చాక నేను ఎక్కువ ఏడ్చింది కూడా ఆ ఏడాదే.

మన ఆంధ్రా-ఒడిశా సరిహద్దు జిల్లాలవాళ్ళకి ఒక ఇబ్బంది ఉంది తమ్ముడూ, నీకూ ఈపాటికి తగిలే ఉంటుంది. బరంపురంలో, పర్లాకిమిడిలో, గుణుపురంలో, రాయగడలో ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. వీధిలోకి వస్తే ఏదో ఒక భాషలో ఎవరో ఒకరు పలకరిస్తారు. రెండు భాషలొచ్చినవాళ్ళం కదా, ఎక్కడికెళ్ళినా ఇట్టే కలిసిపోతాం అనుకుంటాం. ఇక్కడ తెలుగు సంఘం ఉగాదికి వెళ్తే "ఒరిస్సావాళ్ళా? తెలుగు బాగానే మాట్లాడుతున్నారే" అన్నారు. ఒడియా వాళ్ళ జగన్నాథుడి పూజకి వెళ్తే ఆదరించారు గానీ అక్కడ మేము తెలుగువాళ్ళం. 1936లో గంజాం, కొరాపుట్ వైపు ప్రాంతాలు మద్రాసు నుంచి విడిపోయి ఒరిస్సాలో కలిసిన సంగతి ఎంతమందికని చెప్పుకుంటాం! మా బరంపురం అమ్మవారి జాతర ఠాకురాణీ యాత్ర గురించి మాట్లాడదామంటే రెండు పక్కలా అర్థమయ్యేవాళ్ళు లేరు. ఆ స్టేడియం వరసలో మాత్రం ఈ ప్రశ్నలేవీ రాలేదు. వాళ్ళకి నేను 'పధ్నాలుగో సీటు' మనిషిని, అంతే.

మరుసటి ఏడాది నుంచి కార్డు ఎవరికీ ఇవ్వలేదు. వానకి తడిసిన సీటు మీద వేసుకోవడానికి ప్లాస్టిక్ సంచి తెచ్చుకోవాలని పెద్దాయన నేర్పించాడు. మధ్యాహ్నం మూడింటికి ఆట మొదలవుతుందనగా వెనకావిడ పుదీనా బిళ్ళల పొట్లం అందరికీ తిప్పేది. మొదట్లో నేను వద్దనేదాన్ని, తర్వాత నా వంతుకి నేనే తెచ్చేదాన్ని. ఒక ఏప్రిల్‌లో యాత్ర కోసం బరంపురం వెళ్ళి వస్తే, "రెండు మ్యాచ్‌లు రాలేదు, ఒంట్లో బాగుందా?" అని ఇద్దరు ముగ్గురు అడిగారు. నేను లేని సంగతి ఈ దేశంలో ఇంకొకరు గమనించడం అదే మొదలు. ఈ రోజు నాకు సొంతిల్లుంది, ఇద్దరు పిల్లలున్నారు, ఆఫీసులో నా కింద మనుషులున్నారు. అవన్నీ నిలబెట్టుకునే ధైర్యం ఆ వరసలోనే వచ్చిందని నేను గట్టిగా నమ్ముతాను.

అందుకే చెప్తున్నాను, నలుగురు వంతులు వేసుకుంటే నీకు నెలన్నరకోసారి కూడా రాదు. పక్కవాళ్ళకి నీ ముఖం గుర్తుండదు. నాలుగో వంతు డబ్బుతో ఆట చూస్తావు, మనుషులు దొరకరు. రూములో నలుగురూ తెలుగువాళ్ళే, కాలేజీలోనూ మనవాళ్ళే కాబట్టి ఇప్పుడు నీకది తెలియదు. జనవరిలో నాలుగింటికే చీకటి పడ్డప్పుడు, ఒక్కొక్కరూ పార్ట్‌టైమ్ షిఫ్టులకి వెళ్ళిపోయినప్పుడు తెలుస్తుంది.

పెద్ద క్లబ్బు సీజన్ టికెట్‌కి కొన్ని వందల పౌండ్లు అవుతాయి, వెయ్యి దాటేవీ ఉన్నాయి. చదువు అప్పు మోస్తున్న నీకు అది భారమే. అలాంటప్పుడు మీ ఊళ్ళో కింది లీగుల జట్టు ఏదుందో చూడు. అక్కడ చాలాచోట్ల గేటు దగ్గరే డబ్బు కట్టి లోపలికి వెళ్ళొచ్చు, స్టూడెంట్లకి తగ్గింపు కూడా. మహిళల జట్ల మ్యాచ్‌లు కూడా చవక. ఎప్పుడూ ఒకే చోట నిలబడు, నెల తిరక్కుండా ఎవరో ఒకరు నీ పేరు అడుగుతారు.

ఖాళీ సీటు గురించి అడిగావు. ఒకటి రెండు మ్యాచ్‌లకి ఎవరూ ఏమీ అనరు. కానీ సీటు వాడకం ఇప్పుడు చాలా క్లబ్బులు లెక్కపెడుతున్నాయి. కనీసం ఇన్ని మ్యాచ్‌లకి రావాలి, లేదా స్నేహితుడికి పంపాలి, లేదా క్లబ్బు టికెట్ ఎక్స్ఛేంజిలో పెట్టాలి. మూడూ చేయకపోతే వచ్చే ఏడాది ఆ సీటు మీకివ్వం అంటున్నాయి. ఎక్స్ఛేంజే అనుమతి ఉన్న అమ్మకం. ధర క్లబ్బే నిర్ణయిస్తుంది. అమ్ముడుపోతే సాధారణంగా ఆ మ్యాచ్ వాటా, కొంత రుసుము పట్టుకుని, నీ ఖాతాలో వేస్తారు లేదా వచ్చే ఏడాది టికెట్‌లో తగ్గిస్తారు. అమ్ముడుపోకపోతే డబ్బు రాదు. కొన్నిచోట్ల మిగతా టికెట్లన్నీ అయిపోయాకే ఎక్స్ఛేంజి తెరుస్తారు.

డిసెంబరు చివర, జనవరి మొదట్లో మ్యాచ్‌లు దగ్గర దగ్గరగా పడతాయి, పైగా టీవీ కోసం శనివారం ఆట ఆదివారానికో సోమవారానికో జరుపుతారు. నీ పేరున సీజన్ టికెట్ దొరికితే, ఫ్లైట్ టికెట్ కొన్న రోజే యాప్‌లో తేదీలు చూసుకుని, వెళ్ళలేనివి ఎక్స్ఛేంజిలో పెట్టేయి. లేకపోతే అక్కడే ఉండే రూమ్మేట్‌కి ఊరికే పంపు. వాళ్ళ ముగ్గురి ఖాతాలూ నవంబరులోనే తెరిపించి జాబితాలో చేర్చుకో, కొన్ని క్లబ్బుల్లో కొత్త పేరు చేర్చాక కొన్ని రోజులు ఆగాలి. మీ సీనియర్‌కి మాత్రం థాంక్స్ చెప్పి, ఆయన మిగతా మ్యాచ్‌లు ఎక్స్ఛేంజిలో పెట్టుకోమను.