అన్ని చోట్లా 5 శాతమే అని రాశావేంట్రా

ఒరేయ్ నాన్నా,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. అరగంట సేపు ఏవేవో మాట్లాడి, ఇక పెట్టేస్తాను అనే ముందు మెల్లిగా "వాడు ఆన్‌లైన్‌లో డబ్బుకి పోకర్ ఆడతానంటున్నాడు, నువ్వే ఏదో ఒకటి చెప్పు, నీ మాటయితే వింటాడు" అన్నాడు. నీ వల్లే వాడికి ఆ పిచ్చి పట్టింది అని పైకి అనలేదు గానీ అన్నయ్య గొంతులో ఆ మాట ఉందని నాకు తెలుస్తూనే ఉంది. పొద్దున లేచేసరికి నీ షీట్ వచ్చింది, "అత్తా ఒకసారి చూసి చెప్పు" అని.

చూశా. ఐదు రూములు, అంటే పోకర్ ఆడించే సైట్లు, ఒక్కోదాంట్లో రేక్ (ఆటలో పెట్టిన డబ్బులోంచి సైటు కోసుకునే వాటా) ఎంత, బోనస్ ఎంత, రేక్‌బ్యాక్ (అందులో మనకి వెనక్కిచ్చేది) ఎంత అని గళ్ళు గీసి పెట్టావు. ముందు గర్వంగానే అనిపించింది, ఎందుకంటే నేను మొదలుపెట్టినప్పుడు రేక్ అనేది ఒకటి ఉంటుందని కూడా తెలీకుండా ఎనిమిది నెలలు ఆడాను. అదీ లెక్కలు రాసుకుని బతికే ఉద్యోగంలో ఉండి. తర్వాత కిందకి చదువుతుంటే కోపం వచ్చింది. రేక్ కాలమ్‌లో ఐదు చోట్లా 5 శాతం అని రాసి, సరే అన్నీ ఒకటే కదా అని రేక్‌బ్యాక్ ఎక్కువున్న దాన్ని పైన పెట్టావు. ఆ పైన పెట్టిన దాని గురించే నా భయమంతా, కాసేపట్లో వస్తా దానికి.

ముందు చిన్నవి అయిపోనీ. నువ్వుంటున్న చోట చట్టం ఒప్పుకుంటుందో లేదో చూడు, ఒప్పుకోకపోతే ఈ ఉత్తరం ఇక్కడే ఆపెయ్. పోయినా ఇంట్లో ఎవరి మొహం మారని డబ్బుతోనే కూర్చో. అప్పు చేసి ఒక్క చిప్ కూడా కొనకు. ఇంతే, ఇవి నీకు తెలుసు.

ఇప్పుడు ఆ 5 శాతం సంగతి. శాతం పక్కన క్యాప్ అని ఇంకో అంకె ఉంటుంది, అది నీ షీట్‌లో లేనే లేదు. ఒక పాట్ నుంచి, అంటే ఒక ఆటలో అందరూ పెట్టిన మొత్తం నుంచి, గరిష్ఠంగా ఎంత కోస్తారో అది. బిగ్ బ్లైండ్ అంటే కార్డులు చూడకముందే ఒకరు పెట్టాల్సిన పందెం, దాన్నే కొలతగా వాడతాం. ఇద్దరు చెరో 100 బిగ్ బ్లైండ్లు పెట్టి ఆల్ ఇన్ అయ్యారనుకో, అంటే ఉన్నదంతా పెట్టేశారనుకో, పాట్ 200. క్యాప్ 3 బ్లైండ్లు ఉన్న రూము 3 తీసుకుని ఊరుకుంటుంది, క్యాప్ 10 ఉన్నది పూర్తిగా 10 లాక్కుంటుంది, రెండింటి పేజీలోనూ రాసేది 5 శాతమే. పైగా క్యాప్‌ని డబ్బుల్లో రాస్తారు, దాన్ని నువ్వు ఆడే స్టేక్ (టేబుల్ పందెం స్థాయి) బ్లైండ్లలోకి మార్చుకుంటేనే అసలు సంగతి తెలిసేది. క్యాప్ 3 అనుకో. బిగ్ బ్లైండ్ 1 ఉన్న టేబుల్లో అది 3 బ్లైండ్లు, బాగానే ఉంది. బిగ్ బ్లైండ్ అందులో పదో వంతు, అంటే 0.10 ఉన్న టేబుల్లో అదే క్యాప్ 30 బ్లైండ్లయి కూర్చుంటుంది, 600 బ్లైండ్ల పాట్ అయితే గానీ దాని దాకా పోదు, అంత పాట్ అక్కడ ఎప్పుడో గానీ రాదు. అంటే చిన్న టేబుల్లో ఆడేవాడికి క్యాప్ ఉన్నా లేనట్టే. మైక్రో స్టేక్స్‌లో రేక్ ఎక్కువ అని అందరూ ఏడ్చేది ఇందుకే, నువ్వు మొదలుపెట్టేదీ అక్కడే. టేబుల్ దగ్గర ఎంతమంది ఉన్నారన్న దాన్ని బట్టి కూడా క్యాప్ మారుతుంది, ఇద్దరే ఉంటే మామూలుగా తక్కువ, కాబట్టి నువ్వు ఆడబోయే సైజు వరసే చూడు.

ఇంకోటి. చాలా రూముల్లో ఫ్లాప్ (టేబుల్ మీద పరిచే మొదటి మూడు కార్డులు) పడకుండా హ్యాండ్ (కార్డులు పంచిన ఒక విడత ఆట) అయిపోతే రేక్ ఉండదు. కొన్ని మాత్రం ప్రీఫ్లాప్‌లోనే, అంటే ఫ్లాప్‌కి ముందే, రీరైజ్ అయిన (పెంచిన పందేన్ని మళ్ళీ పెంచిన) పాట్లకి కూడా కోస్తాయి. ఇది చదివి వదిలేసే విషయం కాదు, ఆటే మారిపోతుంది. స్మాల్ బ్లైండ్‌లో (బిగ్ బ్లైండ్ కంటే చిన్న పందెం ముందే పెట్టే సీట్లో) కూర్చుని ఏదో మధ్యరకం కార్డులతో "చూద్దాంలే" అని కాల్ చేస్తావు చూడు, అంటే ఎదుటివాడి పందేనికి సమానంగా పెడతావు, ఆ కాల్ రేక్ లేని ఇంటి ఆటలో లాభమేమో గానీ ఇక్కడ రేక్ పోయాక నష్టమే. ఫోల్డ్ చెయ్ (కార్డులు వదిలెయ్), లేదా రీరైజ్ చెయ్. మధ్యలో ఊగిసలాడే ప్రతిసారీ రూముకి జీతం ఇస్తున్నట్టు.

మరి ఐదింటినీ ఎలా పోల్చాలి అంటావా, శాతాలతో కాదు. 100 హ్యాండ్స్‌కి ఎన్ని బిగ్ బ్లైండ్లు రేక్‌గా పోతున్నాయో ఆ ఒక్క అంకెతో. ట్రాకర్ (ఆడిన ప్రతి హ్యాండ్ లెక్క రాసే సాఫ్ట్‌వేర్) పెట్టుకుని ఒక్కో రూములో అన్నిటికన్నా చిన్న టేబుల్లో కొన్ని వేల హ్యాండ్స్ ఆడు, అదే చెప్పేస్తుంది. నీ గెలుపూ ఓటమీ అన్ని హ్యాండ్స్‌కి ఏమీ చెప్పవు, అది కార్డుల దయ. రేక్‌కి అదృష్టంతో అంత పని లేదు, అందుకే అది త్వరగా తేలిపోతుంది.

టోర్నమెంట్లయితే తేలికే, 10+1 అని రాసే ఉంటుంది. 10 ప్రైజ్‌కి, 1 రూముది, నువ్వు కట్టిన 11 లో అది 9 శాతం పైచిల్లర. రీఎంట్రీ చేస్తే, అంటే ఓడి మళ్ళీ చేరితే, మళ్ళీ ఆ 1 కట్టాలి, ఆవేశంలో ఉన్నవాడికి అది గుర్తుండదు. ప్రైజ్ గ్యారంటీ 1000 అని చెప్పి 80 మందే వచ్చారనుకో, 800 పోగై మిగతా 200 రూము తన జేబులోంచి వెయ్యాలి, ఫీజుగా దానికి వచ్చింది 80, అంటే ఆ రోజు వాళ్ళే మనకి ఎదురిచ్చారు. అలాంటివి వెతుక్కుని ఆడటం నాకు భలే సరదాగా ఉండేది. చక్రం తిరిగి ప్రైజ్ ఎంతో చెప్పే ఆ ముగ్గురి టోర్నమెంట్లకి మాత్రం పోకు. అందులో ఫీజు కనపడనే కనపడదు. ముగ్గురు తలో 10 కడితే 30, సగటున బయటకొచ్చే ప్రైజ్ 27.9 అనుకుంటే రూముది 7 శాతం, సరే. కానీ ఆ సగటులో కొంత భాగం లక్షల్లో ఒకసారి వచ్చే జాక్‌పాట్ రూపంలో ఉంటుంది, అది నీకు తగలనంత కాలం నువ్వు కట్టేది 7 కంటే ఎక్కువే, మామూలుగా పడేది రెండింతలే, అంటే 30 పోసి 20 కోసం కొట్టుకోవడం.

టేబుల్ బయట కోతలు కూడా ఒక వరసలో రాసుకో. డబ్బు వేసేటప్పుడు, తీసేటప్పుడు, కరెన్సీ మారేటప్పుడు, కొన్నాళ్ళు ఆడకుండా ఉంటే ఖాతా ఊరికే ఉన్నందుకు, బ్యాడ్ బీట్ జాక్‌పాట్ (చాలా బలమైన కార్డులతో ఓడినవాడికిచ్చే బహుమతి) పేరు చెప్పి పాట్ నుంచి అదనంగా, ఆల్ ఇన్ అయ్యాక "ఇప్పుడే క్యాష్ చేసుకుంటావా" అని అడిగి అందులో ఒక వంతు.

ఇక రేక్‌బ్యాక్. కూర్చో.

నువ్వు పైన పెట్టిన రూములో 30 శాతం వెనక్కిస్తారని ఉంది. దేంట్లో 30 శాతం? నీ పేరు మీద రాసుకున్న రేక్‌లో. అది ఎలా రాస్తారో రూముకో పద్ధతి. నువ్వు 1 బ్లైండ్ పెట్టి ఫోల్డ్ చేశావు, మిగతా ఇద్దరు చెరో 20 పెట్టారు, పాట్ 41, రేక్ 2.05. కార్డులు పంచిన ఆరుగురికీ సమానంగా రాసే రూములో నీ ఖాతాలో 0.34 పడుతుంది. డబ్బు పెట్టిన ముగ్గురికే అయితే 0.68. ఎవరు ఎంత పెడితే అంత అయితే 0.05. ఇప్పుడు చాలా చోట్ల ఈ చివరిదే. నీలా ఆచితూచి ఆడేవాడికి 30 శాతం అన్నది కాగితం మీద 30 మాత్రమే. కొందరు నీకిచ్చిన బోనస్‌లు ముందు తీసేసి, మిగిలిన దాని మీద లెక్కేస్తారు. ఆ డిపాజిట్ బోనస్ కూడా అంతే, 100 ఇస్తాం అంటారు, 50 రేక్ కడితే 10 వదులుతారు, అంటే 500 కట్టాలి, అది 20 శాతం రేక్‌బ్యాక్‌కి ఇంకో పేరు, పైన గడువు కూడా.

గడువు. ఈ మాట దగ్గరే నా చెయ్యి వణుకుతుంది.

నేను ఆడిన రూములో రేక్‌బ్యాక్‌కి మెట్లు ఉండేవి. నేను 20 శాతం మెట్టు మీద ఉండేదాన్ని. ఆ నెలలో ఫలానా ఇన్ని పాయింట్లు చేస్తే వచ్చే నెల నుంచి 30. పాయింట్లు రేక్ కడితేనే వస్తాయి. అప్పటిదాకా రెండు టేబుళ్ళు ఆడేదాన్ని, రేక్ పోను 100 హ్యాండ్స్‌కి 3 బ్లైండ్లు మిగిలేవి, రేక్ 7 పోయేది. లెక్క వేసి చూస్తే రెండు టేబుళ్ళతో పాయింట్లు అందవు. ఎనిమిది తెరిచా. ఆ నెలలో 60 వేల హ్యాండ్స్ ఆడా, ఉద్యోగం నుంచి వచ్చి రోజూ మూడున్నర గంటలు. ఎనిమిది టేబుళ్ళ మీద ఎదుటివాడు ఎవడో కూడా చూసే టైమ్ లేదు, ఎక్కడ బటన్ వెలిగితే అక్కడ నొక్కడమే. 100 హ్యాండ్స్‌కి 2 బ్లైండ్లు పోయాయి, అంటే మొత్తం 1200. కట్టిన రేక్ 4200, అందులో వెనక్కొచ్చింది 840. ఆ 840 ఖాతాలో పడ్డప్పుడు నేను సంబరపడ్డానురా! 360 మునిగాను అని ఒక్కసారి కూడా కూడికా తీసివేతా చేయలేదు. అదే గంటలు రెండు టేబుళ్ళ మీద కూర్చుంటే 15 వేల హ్యాండ్స్ అయ్యేవి, అంతకుముందులా 450 మిగిలి, రేక్‌బ్యాక్ 210 వచ్చి, 660 ఉండేది చేతిలో. 60 వేలకి కార్డుల దయ కూడా చాలా ఉంటుంది, 1200 అంతా నా తప్పే అనను. కానీ తర్వాత ఆ హ్యాండ్స్ తిరగేసి చూస్తే నేను చేసిన కాల్స్ నాకే సిగ్గేశాయి.

అక్కడితో ఆగలేదు. నెల చివరి రోజు రాత్రి ఇంకా పాయింట్లు తక్కువ ఉన్నాయి. పెద్ద టేబుల్లో పాయింట్లు తొందరగా వస్తాయి కదా అని నాలుగింతల స్టేక్‌కి ఎక్కా. ఆ రాత్రి నువ్వు మా ఇంట్లోనే ఉన్నావు, నీకు ఆరేళ్ళు, మీ అమ్మా నాన్నా ఊళ్ళో లేరు. మధ్యలో లేచొచ్చి నీళ్ళు కావాలన్నావు. "ఒక్క నిమిషం నాన్నా" అన్నా, తల తిప్పకుండా. మూడు బైఇన్లు (టేబుల్ దగ్గరికి ఒకసారి తీసుకెళ్ళే డబ్బు) పోయి, 11:40 కి ఆఖరి పాయింట్ పడింది. గెలిచేశాను అని లేవబోతే నువ్వు నా కుర్చీ కాళ్ళ దగ్గరే నేల మీద ముడుచుకుని నిద్రపోతున్నావు. ఎంతసేపు నిలబడ్డావో తెలీదు. నీళ్ళు తాగావో లేదో కూడా తెలీదు. నీకు గుర్తుండదు, నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, వదినకి అసలే చెప్పలేదు.

పొద్దున ఖాతా తెరిస్తే అదే 20 శాతం మెట్టు. రాసి అడిగితే చాలా మర్యాదగా జవాబిచ్చారు, నెల ముగిసేది వాళ్ళ సర్వర్ గడియారం ప్రకారమట, అది మా కంటే గంటల ముందుంది. నేను ఆ పెద్ద టేబుల్ ఎక్కేసరికే వాళ్ళకి కొత్త నెల వచ్చేసింది. నియమాల్లో ఉంది, చిన్న అక్షరాల్లో, నేనే చదవలేదు.

చదివినా ఆ మాట మీద వాళ్ళు నిలబడతారని రాసిపెట్టి లేదు. పోకర్‌స్టార్స్ అనే పెద్ద రూములో సూపర్‌నోవా ఎలైట్ అని ఒక మెట్టు ఉండేది, ఏడాదికి 10 లక్షల పాయింట్లు. 2015 అంతా కష్టపడి ఆ మెట్టు ఎక్కినవాళ్ళకి ఆ లాభాలు 2016 లో రావాలి. 2015 నవంబర్‌లో, ఇంకా ఏడాది పూర్తి కాకముందే, వాటిని కోసేస్తున్నాం అని ప్రకటించారు. ఆడేవాళ్ళు టేబుళ్ళ దగ్గర కూర్చుని ఆడకుండా సమ్మె కూడా చేశారు. ఏం కాలేదు.

ఫీజు తక్కువని కొత్త రూము వైపు కూడా పోకు, ముందు ఆటగాళ్ళ డబ్బు కంపెనీ ఖర్చుల డబ్బుతో కలపకుండా వేరే ఉంచుతుందా, లైసెన్స్ ఎవరిచ్చారు అని చూడు. 2011 ఏప్రిల్ 15 న అమెరికా ప్రభుత్వం పెద్ద పెద్ద రూముల మీద కేసులు పెట్టినప్పుడు ఫుల్ టిల్ట్ అనే రూములో ఆటగాళ్ళకి తిరిగివ్వడానికి డబ్బే లేదని బయటపడింది. అమెరికా వాళ్ళకి అది చేతికి రావడం మొదలయ్యేసరికి 2014. అన్నాళ్ళు నీ డబ్బు ఎక్కడో ఇరుక్కుపోతే దాని ముందు 5 శాతమెంత, 4 శాతమెంత?

షీట్ మళ్ళీ చేసి పంపు. శాతం కాలమ్ తీసెయ్, క్యాప్‌ని నీ స్టేక్ బ్లైండ్లలో రాయి, 100 హ్యాండ్స్‌కి రేక్ ఎంతో ఒక గడి, రేక్ ఎవరి పేరు మీద ఎలా రాస్తారో ఒక గడి, సర్వర్ ఏ గడియారం చూస్తుందో అన్నిటికంటే ముందు. రేక్‌బ్యాక్‌ని చివరికి తొయ్యి, వరస దాన్ని బట్టి పెట్టకు. రెండు టేబుళ్ళు దాటి తెరిచావని తెలిస్తే మాత్రం నేనే వచ్చి ప్లగ్ పీకేస్తా, చెప్తున్నా. ఆడేటప్పుడు పక్కన నీళ్ళ సీసా పెట్టుకో.

మీ అత్త